బీడీఎస్ తరువాత విదేశీ లైసెన్సు పరీక్ష: నల్గొండ, పాలమూరు నుంచి సిద్ధమయ్యేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలగిరి_బీడీఎస్ (నల్గొండ)

అందరికీ నమస్కారం. మన జిల్లాలోనే బీడీఎస్ చదివి, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చివరి నెలల్లో ఉన్నాను. అది పూర్తి కాగానే తెలంగాణ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ తరువాత విదేశంలో ప్రాక్టీసుకు కావలసిన లైసెన్సు పరీక్ష రాయాలని అనుకుంటున్నాను. ఇంట్లో ఒప్పుకున్నారు గానీ, ఏ దేశం, ఏ పరీక్ష, ఎంత కాలం పడుతుందని నాన్నగారు అడిగితే తడుముకోకుండా చెప్పలేకపోతున్నాను. సీనియర్లలో ఒకరు ఇంగ్లండ్ అంటారు, ఒకరు కెనడా అంటారు, మరొకరు ముందు గల్ఫ్‌కు వెళ్లి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక మిగతాది చూసుకోవచ్చంటారు.

నాలుగేళ్లు చదివిన పాఠ్యపుస్తకాలనే మళ్లీ తిరగేస్తే ఈ పరీక్షలకు సరిపోతుందా, లేక చదివే పద్ధతే వేరుగా ఉండాలా అన్నది నా మొదటి సందేహం. ఇల్లు వదిలి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండకుండా, నల్గొండలోనే ఏదో ఒక క్లినిక్‌లో పనిచేస్తూ ప్రాక్టికల్ పరీక్షకు చేతిని సిద్ధం చేసుకోవచ్చా అన్నది రెండోది. ఈ దారిలో నడిచినవారు దయచేసి వివరంగా చెప్పండి.

పాలమూరు_దంతవైద్యుడు (లెస్టర్, స్వస్థలం జడ్చర్ల)

నీలగిరి గారూ, దేశం తేల్చుకోనిదే పుస్తకం తెరవవద్దన్నది నా మొదటి మాట. పరీక్షలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. పన్ను, చిగురు, ఎముక ఎక్కడైనా ఒకటే కదా అనిపిస్తుంది. కానీ ఆ పన్నుకు ఏ చికిత్స ముందు చేయాలి, ఏ మందు రాయకూడదు, రోగి ఒప్పుకోకపోతే ఏం చేయాలి అన్న దగ్గరకు వచ్చేసరికి ఒక దేశంలో సరైన జవాబు మరో దేశంలో తప్పవుతుంది. మనవాళ్లలో బాగా చదివేవారు కూడా తట్టుకుని ఆగిపోయేది ఇక్కడే.

నాకు తెలిసింది బ్రిటన్ సంగతి కాబట్టి అదే చెబుతాను. ఇక్కడ దంతవైద్యుల రిజిస్టరు జనరల్ డెంటల్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది. మన బీడీఎస్ ఒక్కదానితోనే ఆ రిజిస్టరులోకి చేర్చుకోరు. అందుకని 2007 నుంచి నడుస్తున్న ఓవర్సీస్ రిజిస్ట్రేషన్ ఎగ్జామినేషన్, అంటే మనం ఓఆర్ఈ అని పిలుచుకునేది, రెండు భాగాలూ గట్టెక్కాలి. మొదటి భాగంలో కంప్యూటర్ మీద రాసే రెండు పేపర్లు ఉంటాయి, ఒక్కొక్కటి మూడు గంటలు. మొదటి పేపర్ దంతశాస్త్రాన్నీ శరీర వ్యాధులనూ క్లినిక్‌కు అన్వయించి అడుగుతుంది. రెండోది క్లినికల్ డెంటిస్ట్రీతో పాటు చట్టం, నైతికత, ఆరోగ్య భద్రతలను అడుగుతుంది. రెండో భాగంలో నాలుగు పరీక్షలు ఉంటాయి: మ్యానికిన్ అనే బొమ్మ తల మీద చేసి చూపే పని, ఓస్కీ (వరుస స్టేషన్లలో రోగితో వ్యవహరించే తీరును, నైపుణ్యాన్ని చూసే పరీక్ష), రోగ నిర్ధారణతో కూడిన చికిత్సా ప్రణాళిక, అత్యవసర వైద్యం. ఒక్కో భాగానికి నాలుగు అవకాశాలే ఇస్తారు. మొదటి భాగం తొలిసారి రాసిన నాటి నుంచి ఐదేళ్లలో రెండో భాగం కూడా ముగియాలన్నది నియమం.

దరఖాస్తు చేయడానికే రెండు షరతులున్నాయి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి. దంతవైద్య కుర్చీలో రోగికి స్వయంగా చికిత్స చేసిన అనుభవం 1,600 గంటలు ఉన్నట్టు రుజువు చూపాలి. పక్కన నిలబడి చూసిన గంటలు ఇందులోకి రావు.

ఇంకో మాట కూడా ముందే తెలిసి ఉండాలి. సీట్లు తక్కువ, రాయాలనుకునేవారు చాలా ఎక్కువ. బుకింగ్ తెరిచిన కొద్ది నిమిషాల్లోనే సీట్లు అయిపోతాయి. చదువు పూర్తయినంత మాత్రాన పరీక్ష మన చేతికి వచ్చినట్టు కాదు. అందుకే ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ నిర్వహించే ఎల్‌డీఎస్ పరీక్షను కూడా మనవాళ్లు చూస్తుంటారు. 1860 నుంచి ఉన్న ఆ అర్హతతో కూడా రిజిస్టరులో చేరవచ్చు. ఇక రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ కింద వచ్చే రోగులను చూడాలంటే ఆ సేవలో పనిచేయగల డాక్టర్ల జాబితా అయిన పెర్ఫార్మర్స్ లిస్టులో పేరు ఎక్కాలి, దానికి మరికొంత కాలం పర్యవేక్షణలో పనిచేయవలసి ఉంటుంది. కాబట్టి ఈ దారి ఏళ్లతో కూడినదని నాన్నగారికి నెమ్మదిగా, మొదట్లోనే చెప్పండి.

ఉమామహేశ్వరం (ఒట్టావా, స్వస్థలం అచ్చంపేట)

పాలమూరు గారు చెప్పినదానికి కెనడా వైపు నుంచి కొంత జోడిస్తాను. ఇక్కడ నేషనల్ డెంటల్ ఎగ్జామినింగ్ బోర్డు నడిపే ఈక్వివలెన్సీ ప్రక్రియలో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది ప్రాథమిక విజ్ఞానాన్ని కొలిచే ఏఎఫ్‌కే. రెండోది క్లినికల్ నిర్ణయ శక్తిని కొలిచే ఏసీజే. ఇందులో ఎక్స్‌రేలు, రోగి చరిత్ర ఇచ్చి, ఏమై ఉంటుంది, ఏం చేస్తారు అని అడుగుతారు. మూడోది ఎన్‌డీఈసీసీ, 2022లో పాత ప్రాక్టికల్ పరీక్ష స్థానంలో వచ్చింది. మ్యానికిన్ మీద పని, రోగితో వ్యవహరించే తీరు రెండూ ఇందులో చూస్తారు. దానికోసం ఒట్టావాకు రావలసిందే. ఈ మూడింటి తరువాత కెనడాలోనే చదివినవారు రాసే సర్టిఫికేషన్ పరీక్ష కూడా ఉంటుంది.

ఏసీజే గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన కాలేజీల్లో ప్రశ్న ‘ఫలానా వ్యాధి లక్షణాలు వివరించుము’ అని ఉంటుంది. ఇక్కడ ఒక బైట్‌వింగ్ ఎక్స్‌రే ముందు పెట్టి, ఈ నీడ నిజంగా పుచ్చేనా లేక పన్ను మెడ దగ్గర మామూలుగా కనిపించే నీడా అని అడుగుతారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. పుచ్చయితే మరో కోణంలో తీసిన ఎక్స్‌రేలో కూడా నిలుస్తుంది, సర్వికల్ బర్నవుట్ అనే ఆ మామూలు నీడ అయితే చెరిగిపోతుంది. పుస్తకంలో ఈ విషయం రెండు వాక్యాల్లో ఉంటుంది, మనం దాటేసి పోతాం. మీరు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నారు కాబట్టి రేడియాలజీ విభాగంలో కూర్చుని, నివేదిక చూడకుండా ముందు మీరే చదివి, తరువాత మేడం గారు రాసినదానితో సరిచూసుకోండి. ఆ సౌకర్యం బయటికొచ్చాక దొరకదు.

దేవరకొండ_ఉపాధ్యాయుడు (దేవరకొండ)

నేను దంతవైద్యుణ్ని కాను, ఉపాధ్యాయుణ్ని. మా అబ్బాయి బీడీఎస్ మూడో సంవత్సరంలో ఉన్నాడు, వాడికి అమెరికా మీద మనసు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వారు మొత్తం సొమ్ము ఒకేసారి కడితే పరీక్ష పాస్ చేయించి లైసెన్సు ఇప్పించే వరకూ తమదే బాధ్యత అంటున్నారు. ఉన్న రెండెకరాల మీద అప్పు తేవచ్చునా అని ఆలోచిస్తున్నాను. డాక్టర్లు దయచేసి నిజం చెప్పండి.

ఉమామహేశ్వరం (ఒట్టావా, స్వస్థలం అచ్చంపేట)

మాస్టారూ, దయచేసి ఆ సొమ్ము కట్టకండి. లైసెన్సు ఇచ్చే అధికారం ఏ కన్సల్టెన్సీకీ ఉండదు. పరీక్ష బోర్డుకు దరఖాస్తు అబ్బాయే స్వయంగా, తన పేరు మీద, బోర్డు వెబ్‌సైటులోనే చేసుకోవాలి. ఫీజు కూడా నేరుగా వారికే వెళ్లాలి.

అమెరికా సంగతి మరింత జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అక్కడ పాత రెండు భాగాల బోర్డు పరీక్షల స్థానంలో 2020 ఆగస్టు నుంచి ఐఎన్‌బీడీఈ అనే ఒక్క పరీక్ష వచ్చింది. రెండు రోజుల్లో 500 ప్రశ్నలు ఉంటాయి; వాటిలో మొదటి రోజు 360, రెండో రోజు కేసుల ఆధారంగా 140. అయితే ఇది పాసయినంత మాత్రాన ప్రాక్టీసు పెట్టుకోవచ్చునని అనుకోకూడదు. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. చాలా రాష్ట్రాలు అక్కడి గుర్తింపు పొందిన డెంటల్ కాలేజీ డిగ్రీ అడుగుతాయి. అందుకని విదేశాల్లో చదివినవారు క్యాపిడ్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా విశ్వవిద్యాలయాల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులో సీటు తెచ్చుకుని, రెండు మూడేళ్లు మళ్లీ చదవాలి. సీటు ఇచ్చే ముందు మార్కుల మూల్యాంకనం, టోఫెల్, ఇంటర్వ్యూ, చాలా చోట్ల చేతిపని చూసే బెంచ్ టెస్ట్ ఉంటాయి. అసలు ఖర్చు పరీక్ష ఫీజులో లేదు, ఆ రెండు మూడేళ్ల చదువులో ఉంది. భూమి మీద అప్పు తెచ్చే ఆలోచన అబ్బాయి చేతికి అడ్మిషన్ ఉత్తరం వచ్చాక చేయండి, అంతకు ముందు వద్దు. మూడో సంవత్సరంలోనే ఉన్నాడు కాబట్టి ప్రస్తుతానికి మార్కులు తగ్గకుండా చూసుకుంటే చాలు; బ్యాక్‌లాగ్‌లు ట్రాన్స్‌క్రిప్టులో కనబడతాయి.

సాగర్_ఎడమకాలువ (మిర్యాలగూడ)

నేను ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను, విదేశాలకు వెళ్లే ఉద్దేశం లేదు. కానీ మా క్లినిక్‌లో పనిచేస్తూ ఈ పరీక్షలకు చదివిన పిల్లలకు కొంత చెబుతుంటాను కాబట్టి, నల్గొండ వారికి మాత్రమే ఎదురయ్యే ఒక సమస్య రాస్తాను. అది ఫ్లోరైడ్.

మనం మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు రోగులను చూస్తూ పెరిగాం. ఫ్లోరైడ్ అనగానే మనకు గోధుమ రంగు పళ్లు, వంగిన కాళ్లు గుర్తుకొస్తాయి. నీటిలోంచి దాన్ని ఎలా తీసేయాలన్నదే మనకు తెలిసిన ప్రశ్న. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిని శుద్ధిచేసే పద్ధతిని నీరీ సంస్థ రూపొందించినప్పుడు దానికి మన జిల్లా పేరే నల్గొండ టెక్నిక్ అని వచ్చింది. కానీ అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పరీక్షల్లో ప్రశ్న దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది: నీటిలో ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న ఊరికి దాన్ని ఎంత కలపాలి? 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో మొదలైన ఈ పద్ధతిని వారు ప్రజారోగ్యానికి మేలు చేసినదిగా బోధిస్తారు. అమెరికాలో సిఫారసు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, 2015లో దాన్ని ఈ అంకెకు స్థిరపరిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గరిష్ఠ పరిమితి 1.5. ఈ రెండు అంకెల మధ్య తేడాను మనవాళ్లు పట్టించుకోక, మనసులో ఉన్న భయంతో ‘ఫ్లోరైడ్ వద్దు’ అన్న జవాబు వైపు మొగ్గుతారు. మోతాదు తగినంత ఉంటే పుచ్చు తగ్గుతుంది, ఎనామెల్ ఏర్పడే వయసులో మోతాదు మించితే ఫ్లోరోసిస్ వస్తుంది. ఈ రెండూ ఒకే శాస్త్రం. పేస్టు సంగతి కూడా అంతే. బ్రిటన్ మార్గదర్శకాల్లో ఆరేళ్ల వరకు పిల్లలకు కనీసం 1,000 పీపీఎం ఫ్లోరైడ్, ఏడేళ్ల నుంచి 1,350 నుంచి 1,500 పీపీఎం ఉన్న పేస్టు సూచిస్తారు. పుచ్చు ముప్పు ఎక్కువ ఉన్నవారికి పదేళ్లు దాటితే 2,800, పదహారు దాటితే 5,000 పీపీఎం పేస్టు రాయవచ్చు. ఈ అంకెలు కంఠతా ఉండాలి.

ఇదే విషయం మీకు బలంగా కూడా పనికొస్తుంది. అక్కడి విద్యార్థి తీవ్రమైన ఫ్లోరోసిస్‌ను ఫొటోలోనే చూస్తాడు, మీరు రోజూ కుర్చీలో చూస్తున్నారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ముప్ఫై ఏళ్ల మనిషి పై ముందుపళ్లను ఈసారి గాలితో ఆరబెట్టి దగ్గరగా చూడండి. కుడి పన్ను మీద ఎంత ఎత్తులో చారిక ఉందో ఎడమ పన్ను మీద కూడా అంతే ఎత్తులో ఉంటుంది. అంచులు స్పష్టంగా ఉండవు, మెల్లగా కలిసిపోతాయి. ఎనామెల్ తయారవుతున్న కాలంలో ఒంటికి పట్టిన విషయం కాబట్టి జతపళ్లు రెండింటి మీదా ఒకేలా పడుతుంది. ఒక్క మొదటి దవడపళ్ల మీద, ముందుపళ్ల మీద గీసినట్టు అంచున్న మచ్చ ఉంటే ఎంఐహెచ్, అంటే ఆ పళ్ల ఎనామెల్ సరిగా గట్టిపడని లోపాన్ని అనుమానించాలి. అన్ని పళ్ల మీదా ఎనామెల్ పలచగా ఉండి, ఇంట్లో ఇతరులకు కూడా ఉందంటే వంశపారంపర్య ఎనామెల్ లోపమైన అమెలోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా వైపు చూడాలి. పై ముందుపళ్లకు పదిహేను నుంచి ముప్ఫై నెలల వయసు అత్యంత సున్నితమైనదని గుర్తుపెట్టుకుంటే, ఊరికి నదీజలం వచ్చి ఇన్నేళ్లయినా ఆ మనిషి పళ్లమీద మచ్చ ఎందుకు పోలేదో మీకే అర్థమవుతుంది. ఫ్లోరోసిస్ తీవ్రతను కొలిచే డీన్ సూచికతో పాటు 1978లో వచ్చిన టీఎఫ్ సూచిక కూడా నేర్చుకుని, రోజుకు ఇద్దరు ముగ్గురు రోగులకు అంకె వేసి రాసుకోండి.

చికిత్స దగ్గర మరో జాగ్రత్త. పెళ్లి కుదిరింది డాక్టర్, త్వరగా తెల్లగా చేయండి అని అడిగేవారికి మనం వెనీర్లు, క్రౌన్ల దాకా వెళ్లిపోతాం. పరీక్షలో మాత్రం బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్, రెసిన్ ఇన్‌ఫిల్‌ట్రేషన్ వంటి పన్నును తక్కువ అరగదీసే పద్ధతులు ముందు చెప్పాలి. నా మటుకు ఇది రోగికి కూడా మేలైన వరుస అని నమ్ముతాను.

నీలగిరి_బీడీఎస్ (నల్గొండ)

సాగర్ సార్, మనసారా ధన్యవాదాలు. ఇంటర్న్‌షిప్‌లో ఇన్ని ఫ్లోరోసిస్ కేసులు చూస్తూ కూడా వాటిని పరీక్షకు చదువుగా ఎప్పుడూ అనుకోలేదు. పాలమూరు అన్నగారూ, ఒక దేశంలో సరైన జవాబు మరో దేశంలో తప్పవుతుందన్నారు. దానికి ఉదాహరణలు ఇవ్వగలరా? చట్టం, నైతికత పేపర్‌కు మన దగ్గర పునాదే లేనట్టు అనిపిస్తోంది.

పాలమూరు_దంతవైద్యుడు (లెస్టర్, స్వస్థలం జడ్చర్ల)

తప్పకుండా. గుండెలో కృత్రిమ కవాటం ఉన్న రోగికి పన్ను తీయాలనుకోండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకారం చికిత్సకు 30 నుంచి 60 నిమిషాల ముందు పెద్దవారికి 2 గ్రాముల అమాక్సిసిల్లిన్ ఇవ్వాలి. పెన్సిలిన్ పడనివారికి ఇంతకు ముందు రాసే క్లిండమైసిన్‌ను 2021లో వద్దన్నారు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2008లోనే దంతచికిత్సకు ఈ ముందస్తు యాంటీబయాటిక్ వద్దని చెప్పి, 2016లో దాన్ని ‘మామూలుగా ఇవ్వనవసరం లేదు’ అని సవరించింది. ముప్పు ఎక్కువున్న రోగి విషయంలో గుండె వైద్యునితో మాట్లాడి, రోగికి వివరించి నిర్ణయం తీసుకోవాలి. ఓఆర్ఈకి అమెరికా పుస్తకంతో చదివినవారు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

రెండో ఉదాహరణ అంగీకారం. మన ఓపీలో పెద్దాయన కుర్చీలో కూర్చుంటారు, వెంట వచ్చిన కొడుకు మాట్లాడతాడు, చివరికి ‘మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి డాక్టర్’ అంటారు. మనం దాన్ని గౌరవంగా తీసుకుని పని మొదలుపెడతాం. ఇక్కడ ఓస్కీ గదిలో అలా చేస్తే ఆ స్టేషన్ పోయినట్టే. మాటలు రోగితోనే జరగాలి, ప్రత్యామ్నాయాలు చెప్పాలి, ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2015 నాటి మాంట్‌గోమరీ తీర్పు తరువాత, ఆ స్థితిలో ఉన్న రోగి తెలుసుకోవాలనుకునే ముప్పు ఏదైనా వైద్యుడు దాచకూడదన్నది న్యాయసూత్రం. కింది జ్ఞానదంతం తీసే ముందు పెదవి, నాలుక తిమ్మిరి గురించి చెప్పకపోవడం చిన్న విషయం కాదు. పదహారేళ్ల లోపు పిల్లలు తమ చికిత్సకు తామే ఒప్పుకోగలరా అన్నదానికి గిలిక్ ప్రమాణం చదవండి. పిల్లల మీద హింస జరుగుతోందన్న అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి, ఎలా నమోదు చేయాలి అన్నది కూడా అడుగుతారు.

అత్యవసర వైద్యం మాత్రం సాధనతోనే వస్తుంది. అనాఫిలాక్సిస్‌కు పెద్దవారిలో 1:1000 అడ్రినలిన్ 0.5 మిల్లీలీటర్లు కండరంలోకి. గుండెపోటు అనుమానానికి నమలడానికి ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు. చక్కెర పడిపోయి స్పృహ లేనివారికి గ్లూకగాన్ 1 మిల్లీగ్రాము. ఆగని మూర్ఛకు బుగ్గ లోపల మిడాజోలామ్ 10 మిల్లీగ్రాములు. సీపీఆర్‌లో 30 నొక్కులకు 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఇవి తెలియని డాక్టర్ ఉండరు. కానీ ఎదురుగా మనిషి పడిపోయినట్టు నటిస్తుంటే, సహాయం పిలుస్తూ, ఆక్సిజన్ పెట్టమని చెబుతూ, చేతులు ఆపకుండా వరుసగా చేయడం వేరు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, పైకి చెబుతూ రోజూ ఒక సందర్భం సాధన చేయండి.

కృష్ణాతీరం (రియాద్, స్వస్థలం మక్తల్)

గల్ఫ్‌ను కేవలం మధ్యలో ఆగే చోటుగా అందరూ చెబుతున్నారు కాబట్టి ఇక్కడి సంగతి కూడా రాస్తాను. సౌదీలో ఆరోగ్య వృత్తుల కమిషన్ నిర్వహించే ఎస్‌డీఎల్‌ఈ పరీక్షలో 200 ప్రశ్నలుంటాయి. 800 స్కేలు మీద 542 వస్తే పాస్. దుబాయ్‌కి డీహెచ్‌ఏ, అబుదాబికి డీఓహెచ్, మిగతా ఎమిరేట్లకు మోహాప్ అనే ఆరోగ్య అధికార సంస్థలు వేరువేరుగా లైసెన్సు ఇస్తాయి. చేతిపని పరీక్ష లేకుండా కంప్యూటర్ పరీక్షతో ముగుస్తాయి కాబట్టి త్వరగా సంపాదన మొదలవ్వాలనుకునేవారికి ఈ దారి సరిపోతుంది. అయితే కొత్తగా పాసయినవారిని చాలా చోట్ల తీసుకోరు, ఇంటర్న్‌షిప్ తరువాతి అనుభవం అడుగుతారు.

ఇక్కడ మనవాళ్లకు అసలు అడ్డంకి పరీక్ష కాదు, కాగితాలు. మీ ప్రతి సర్టిఫికెట్‌ను డేటాఫ్లో సంస్థ అది ఇచ్చిన కార్యాలయానికే పంపి నిజమా కాదా అని అడుగుతుంది. అప్పుడు పేరు బయటపడుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, బీడీఎస్ డిగ్రీలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో అదే చివర ఉంటుంది, పెళ్లయిన ఆడవారికి ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉంటుంది. మన ఊళ్లో ఈ నాలుగూ ఒకే మనిషివని అందరికీ తెలుసు. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి నలుగురు మనుషులుగా కనిపిస్తారు. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యే లోపే అన్నింటినీ బల్లమీద పరిచి అక్షరం అక్షరం పోల్చుకోండి. సరిచేయించగలిగినవి సరిచేయించండి, మిగిలినవాటికి ఈ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

ట్రాన్స్‌క్రిప్టులు మీ బ్యాచ్‌ను బట్టి వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకోవాలి. రాష్ట్రం విడిపోకముందు చేరిన సీనియర్లు మాత్రం విజయవాడకు వెళ్లాలి. మీ మీద చర్యలేవీ లేవని తెలుపుతూ డెంటల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు గడువు తక్కువ, బ్రిటన్ అయితే మూడు నెలల లోపుది కావాలంటుంది; దాన్ని అన్నింటికంటే చివర తీసుకోండి.

ఉమామహేశ్వరం (ఒట్టావా, స్వస్థలం అచ్చంపేట)

చేతిపని గురించి నీలగిరి గారు అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నల్గొండలోనే చాలావరకు చేయవచ్చు. రెండో సంవత్సరంలో మీరు పనిచేసిన ఫ్యాంటమ్ హెడ్ ల్యాబ్ గుర్తుందా? విభాగాధిపతి గారిని అనుమతి అడిగి ఇంటర్న్‌షిప్ ముగిసే వరకు సాయంత్రాలు అక్కడ కూర్చోండి. తీసేసిన పళ్లు క్రిమిరహితం చేసి వాడవచ్చు, కానీ పరీక్షలో ఇచ్చేది ప్లాస్టిక్ పన్ను. అది నిజమైన పన్నులా ఎదురు నిలవదు. బర్ మెత్తగా దిగిపోతుంది, కంగారులో రెట్టింపు లోతు కోసేస్తారు. కాబట్టి కొన్ని టైపోడాంట్ పళ్లు కొనక తప్పదు.

పై ముందుపన్నుకు మెటల్ సెరామిక్ క్రౌన్ ప్రిపరేషన్ తీసుకోండి. మొదలుపెట్టకముందే పుట్టీతో పన్ను అచ్చు తీసి, నిలువునా రెండుగా కోసి పెట్టుకోండి. కొంచెం అరగదీసిన ప్రతిసారీ ఆ అచ్చును ఆనించి, పీరియాడాంటల్ ప్రోబ్‌తో ఖాళీ కొలవండి: కొరికే అంచు దగ్గర 2 మిల్లీమీటర్లు, ముందు వైపు భుజం 1.2 నుంచి 1.5. మీ కంటికి సరిపోయిందనిపించిన చోట ప్రోబ్ ఎంత చూపిస్తుందో చూస్తేనే చెయ్యి దారికొస్తుంది. పక్కపన్నుకు బర్ తగిలిందంటే తక్కిన పని ఎంత అందంగా ఉన్నా పెద్ద దెబ్బ, అందుకే మధ్యలో మ్యాట్రిక్స్ బ్యాండ్ పెట్టి కోయడం నేర్చుకోండి. పై దవడపళ్లన్నీ అద్దంలో చూస్తూనే చేయాలి. మెడ వంచి నేరుగా చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది, పరీక్షకులు కూర్చునే తీరును కూడా గమనిస్తారు. పన్నును లాలాజలం నుంచి వేరుచేసే రబ్బర్ డ్యామ్ లేకుండా ఎండో (రూట్ కెనాల్) మొదలుపెట్టవద్దు. మీరు చేరబోయే క్లినిక్‌లో అది లేకపోతే మీ సొంతానికి ఒక సెట్టు కొనుక్కోండి.

నిర్వాహకురాలు

ఒక విన్నపం. ఇటీవలి పరీక్షల ప్రశ్నలను గుర్తుపెట్టుకుని రాసిన రీకాల్స్ కావాలని కొందరు వ్యక్తిగత సందేశాలు పంపుతున్నారు. పరీక్ష ప్రశ్నలు రహస్యంగా ఉంచుతామని అభ్యర్థులు ఒప్పుకుని సంతకం చేస్తారు. వాటిని పంచినవారి ఫలితం రద్దయ్యే ప్రమాదం ఉంది. అవి ఈ వేదిక మీద పెట్టకండి, అడగకండి.

నీలగిరి_బీడీఎస్ (నల్గొండ)

అందరూ చెప్పింది నాన్నగారికి చదివి వినిపించాను. మళ్లీ కాలేజీలో చేరి చదివే స్తోమత మాకు లేదు కాబట్టి అమెరికా వదిలేశాం. బ్రిటన్ వైపే ఉందామని నిర్ణయించుకున్నాను. ఇంటర్న్‌షిప్ తరువాత నల్గొండలో ఒక క్లినిక్‌లో చేరి, పని చేస్తూనే ముందు ఐఈఎల్‌టీఎస్, తరువాత మొదటి భాగం రాస్తాను. చివరిగా ఒక్క సందేహం: 1,600 గంటల అనుభవానికి ఉత్తరం ఎలా ఉండాలి? ఇంటర్న్‌షిప్ గంటలు లెక్కలోకి వస్తాయా?

పాలమూరు_దంతవైద్యుడు (లెస్టర్, స్వస్థలం జడ్చర్ల)

మంచి నిర్ణయం. కాలేజీలో, ఇంటర్న్‌షిప్‌లో మీరు స్వయంగా రోగికి చేసిన చికిత్స కూడా లెక్కలోకి వస్తుంది, రుజువు ఉండాలి అంతే. ‘మా దగ్గర పనిచేశారు’ అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఉత్తరం క్లినిక్ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారు, వారానికి ఎన్ని గంటలు కుర్చీ పక్కన స్వయంగా చికిత్స చేశారు, ఎలాంటి చికిత్సలు చేశారు అన్నది స్పష్టంగా ఉండాలి. సంతకం చేసిన డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంప్రదించే వివరాలు కింద ఉండాలి. మొదటి రోజు నుంచే ఒక పుస్తకంలో తేదీ, చేసిన పని, పట్టిన సమయం రాసుకోండి, రోగి పేరు మాత్రం రాయకండి. కాలేజీ లాగ్‌బుక్‌లో విభాగాల వారీగా గంటలు వేయించి, ప్రిన్సిపాల్ గారి సంతకం, ముద్ర మీరు అక్కడ ఉండగానే తీసుకోండి; విభాగాధిపతులు మారిపోయాక ఆ సంతకాల కోసం నార్కట్‌పల్లికో మహబూబ్‌నగర్‌కో మళ్లీ మళ్లీ తిరగవలసి వస్తుంది. ఉత్తరం నమూనా సిద్ధం చేశాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.